చరిత్ర పుటలు చదివిన గొంతులు

చూపులేనివారి కోసం నడిచే మన శబ్ద గ్రంథాలయ రజతోత్సవ సంచికలో భవనం గురించి, దాతల గురించి రాయడానికి నాకంటే తగినవారున్నారు. నేను ఒక్క చరిత్ర బీరువా సంగతే రాస్తాను. కథలు, నవలలు చదివి రికార్డు చేస్తామని వచ్చేవారికి ఎన్నడూ కొదవలేదు. చరిత్ర వ్యాసాలనేసరికి వెనకాడేవారు. మన శ్రోతలు అడిగింది మాత్రం ఎక్కువగా వాటినే. డిగ్రీ విద్యార్థులకు, గ్రూప్-2కు, డీఎస్సీకి సిద్ధమయ్యేవారికి చరిత్ర తప్పదు కదా!

వెనకాడటంలో న్యాయం లేకపోలేదు. కాకతీయుల మీద వ్యాసం చదువుతుంటే నడుమ వంశవృక్షం వస్తుంది. చూపున్నవారు ఒక్కసారి కళ్లు తిప్పి ముందుకు పోతారు. చదివి వినిపించేవారు ఆ గీతలన్నిటినీ చుట్టరికాలుగా విప్పాలి: రెండవ ప్రోలరాజు కొడుకులు రుద్రదేవుడు, మహాదేవుడు, మహాదేవుడి కొడుకు గణపతిదేవుడు, ఆయన కూతురు రుద్రమదేవి, ఆమె కూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుడు. పటం వస్తే ఇంకా కష్టం. గణపతిదేవుడు 1244లో విదేశీ వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించిన మోటుపల్లి పటంలో ఒక చుక్క. ఆ చుక్క తీరం వెంట ఎక్కడుందో, కృష్ణ సముద్రంలో కలిసే చోటుకు ఏ దిక్కున ఉందో మాటల్లో చెప్పకపోతే శ్రోతకు మోటుపల్లి ఉత్త పేరుగానే మిగిలిపోతుంది.

అందుకే మొదట్లోనే పెద్దలు ఒక కట్టుబాటు పెట్టారు. పేజీలో ఉన్నదంతా చదవాలి. బ్రాకెట్లో మాట, ఫుట్‌నోట్‌లో శాసనం నంబరు, పేజీ సంఖ్య, ఏదీ వదలకూడదు. విసుగు పుడుతుందని కొందరన్నారు. నా మటుకు నాకు, మన సంస్థ చేసిన పనుల్లో ఇంతకంటే గొప్పది లేదు. సారాంశం చెప్పి సరిపెట్టే హక్కు మనకెవరిచ్చారు? రచయిత పొరబడినా, ఒక కులాన్ని చులకన చేసి రాసినా అది ఉన్నదున్నట్టు శ్రోతకు అందాలి. ఒప్పుకోవడమో, తోసిపుచ్చడమో ఆ శ్రోత ఇష్టం.

క్యాసెట్ల రోజుల్లో ఈ పని ఎండాకాలం మరీ కష్టంగా ఉండేది. ఫ్యాను చప్పుడు పడుతుందని ఆపేసి, కిటికీలు మూసుకుని చదివేవారు. సీ-90 క్యాసెట్ ఒక వైపు నలభై అయిదు నిమిషాలే కాబట్టి పేరా నడుమ తెగకుండా ముందే లెక్క చూసుకోవాలి. సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ లాంటి గ్రంథమైతే పద్యాలు కూడా ఎక్కువే. పదవిభాగం తెలియక చదివితే పద్యం విరిగిపోతుంది. ఆ పుటల్లో మనల్ని ఆదుకున్నది రిటైరైన తెలుగు పండితులు. పారితోషికం మాటే ఎత్తకుండా, గొంతు బాగోలేని రోజు కూడా వచ్చి తోటివారి రికార్డింగు విని తప్పులు దిద్దిన వారికి ఈ సంచిక ముఖంగా నమస్కరిస్తున్నాను.

తరువాతి మార్పులు తెలిసినవే. 2012 కాపీరైటు సవరణతో, అంధులకు అందే రూపంలోకి పుస్తకాన్ని మార్చడానికి చట్టం దారి ఇచ్చింది. దేశాల మధ్య కూడా ఇదే వెసులుబాటు కల్పించే మరకేష్ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాలకంటే ముందు ధ్రువీకరించింది మన దేశమే. 2016లో ఇలాంటి పుస్తకాలను అందించే ఆన్‌లైన్ గ్రంథాలయం సుగమ్య పుస్తకాలయ వచ్చింది. డైసీ అనే డిజిటల్ పుస్తక పద్ధతిలో శ్రోత తనకు కావలసిన అధ్యాయానికి నేరుగా వెళ్లగలుగుతున్నారు. క్యాసెట్టును ముందుకూ వెనక్కూ తిప్పుతూ వెతికిన తరానికి అది ఎంత పెద్ద ఊరటో!

ఇప్పుడు కంప్యూటరే తెలుగు చదువుతోంది కదా, ఇంకా మనుషులెందుకని అడుగుతున్నారు. యూనికోడ్‌లో ఉన్న వచనాన్ని అది చదువుతుంది, సంతోషమే. కానీ యూనికోడ్ కాని అను ఫాంట్లలో కంపోజ్ చేసిన ఫైళ్లను అది నేరుగా చదవలేదు. స్కాన్ చేసిన పాత పుస్తకం దానికి ఉత్త బొమ్మ. దాన్ని అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్లున్నా, మాసిన అచ్చులో ఒత్తులు, అంకెలు తారుమారవుతాయి. చరిత్రలో ఒక్క అంకె మారినా శతాబ్దమే మారిపోవచ్చు.

ఇప్పుడు మనకు కావలసింది ఉర్దూ, ఫారసీ పేర్లు తడబడకుండా పలికేవారు. అసఫ్‌జాహీల కాలంపై వ్యాసాలు కావాలని శ్రోతలు చాలాకాలంగా అడుగుతున్నారు. చదవగలిగినవారు ముందు ఒక పేజీ చదివి వినిపిస్తే చాలు, మైకు ముందు ఎలా కూర్చోవాలో, పటాన్ని ఎలా చెప్పాలో మనవాళ్లు నేర్పుతారు.