బొంతకు ఆఖరి కుట్టు

బొంత గురించి మాట్లాడేవాళ్లంతా పైన కనిపించే ముక్కల గురించే మాట్లాడతారు. ఏ చీర చెంగు ఎక్కడ పడింది, ఎర్రంచు పక్కన పసుపు ఎలా కుదిరింది అన్నదే కబురు. కానీ నాలుగు పాత చీరలు ఒకదాని మీద ఒకటి పరిచినంత మాత్రాన అది గుడ్డల దొంతరే. పొరలన్నిటినీ కలిపి ఈ అంచు నుంచి ఆ అంచుకు సూది దిగి లేచాకే అది కప్పుకోవడానికి, పరుచుకోవడానికి, ఉతుక్కోవడానికి పనికొచ్చే వస్తువవుతుంది. అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు ఉన్న బొంతకు అంగుళానికొక వరస కుట్టినా దారం నడిచే దూరం 5,040 అంగుళాలు, అంటే 420 అడుగులు. అంగుళానికి మూడు కుట్లు పడితే మొత్తం పదిహేను వేలు దాటుతాయి. ముక్కలు కూర్చడం ఒక పూట పని, ఈ కుట్టు రోజుల పని. బొంతలో అసలు శ్రమ ఇదే. దీనికి కూలి కట్టిన చోట అది వృత్తిగా చరిత్రకెక్కింది, కట్టని చోట కళ్లెదుటే ఉన్నా లెక్కకు రాకుండా పోయింది. రెడ్డిగూడెం, నందిగామ, జగ్గయ్యపేటలున్న కృష్ణా మెట్ట నుంచీ, దాని చుట్టుపక్కల నుంచీ దొరికే సాక్ష్యాలు ఈ మాటే చెబుతున్నాయని నా వాదన. అమెరికాలో ఈ నాలుగు దశాబ్దాల్లో పెరిగిన లాంగ్‌ఆర్మ్ (పొడవాటి చేతి మిషను) కుట్టు వృత్తి కూడా ఈ చరిత్రలో భాగమే.

ఈ మెట్ట నల్లరేగడి నేల. పత్తి, మిరప, కంది దీని పంటలు. పత్తి పండే చోట పరుపు, దిండు, దూది బొంత తయారు చేసే చేతులు కూడా ఉంటాయి. ఆ చేతులు దూదేకులవారివి. నరం బిగించిన పెద్ద విల్లును దూది మీద ఉంచి, కొయ్య గుండుతో నరాన్ని మీటుతుంటే ముద్ద కట్టిన దూది విడివడి నురగలా లేస్తుంది. దాన్ని సంచిలో సమంగా పరిచి, దూది జారకుండా దబ్బనంతో అక్కడక్కడా కుట్లు బిగిస్తారు. 1901 మద్రాసు జనాభా లెక్కల నివేదిక దూదేకులవారిని దూది శుభ్రం చేసేవారుగా, తాళ్లు, నవారు నేసేవారుగా నమోదు చేసింది. దక్షిణ భారత కులాలు, తెగల మీద 1909లో వెలువడిన థర్‌స్టన్ సంపుటాల్లోనూ వారి ప్రస్తావన ఉంది. నేటికీ ఆంధ్రప్రదేశ్ వెనుకబడిన తరగతుల జాబితాలో నూర్‌బాషా, పింజారి పేర్ల పక్కన దూదేకుల పేరు కనిపిస్తుంది. ఊళ్లోకొచ్చి, గుమ్మంలో కూర్చుని, పని చేసి, గింజలో డబ్బో తీసుకున్నారు కాబట్టే వారికి పేరు నిలిచింది. అదే గుమ్మానికి లోపలి వైపున, పంట పనులు లేని రోజుల్లో, పాత పంచెల మీద పాత చీరలు పరిచి, అంచులు మడిచి, టాకాలు వేసి, బయటి చుట్టు నుంచి లోపలికి చతురస్రాలుగా కుట్టుకుంటూ వచ్చిన ఆడవాళ్ల పనికి ఏ పట్టికలోనూ గడి లేదు. వీధుల్లో బొంతలు కుడతామని కేకేసుకుంటూ తిరిగి, బొంతకింత అని తీసుకున్న స్త్రీలు ఈ రెంటికీ నడుమ నిలిచారు. కూలి ఉంది గానీ, ఆ కూలి ఏ లెక్కకూ ఎక్కలేదు.

ఈ తేడా కొత్తది కాదు. జగ్గయ్యపేట ఊరు వాసిరెడ్డి జమీందార్ల కాలంలో వెలిసిందే అయినా, దాని పక్క గుట్ట మీది బౌద్ధ స్తూపం రెండు వేల ఏళ్ల నాటిది. 1882లో జేమ్స్ బర్జెస్ దాన్ని తవ్వించి, 1887లో గ్రంథం ప్రకటించాడు. అక్కడి స్తంభ శాసనాలు క్రీ.శ. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలానివి. కమ్మక రాష్ట్రంలోని నడతూరుకు చెందిన సిద్ధార్థుడనే శిల్పకారుడు ఐదు ఆయక స్తంభాలు నిలిపించి, తన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు రాతిలో చెక్కించుకున్నాడు. చేతిపనివాడి దగ్గర దానమిచ్చేంత ధనం ఉంటే అతని పేరు పదిహేడు వందల ఏళ్లు నిలిచిందన్నమాట. అలాంటి స్తూపాల చుట్టూ బతికిన భిక్షువులు ముక్కలు కలిపి కుట్టిన చీవరాలు కట్టినవారే. మగధ వరి మళ్ల గట్లను చూపి అలాంటి కూర్పు చేయమని బుద్ధుడు ఆనందుడికి చెప్పినట్టు వినయ పిటకం చెబుతుంది. బట్టను బిగదీసి కుట్టే కఠినమనే చట్రం, సూది పెట్టుకునే గొట్టం, వేలికి తొడుక్కునే తొడుగు, ఎండావానల్లో కుట్టు ఆగకుండా ఒక పాక, వీటన్నిటికీ అదే పిటకంలోని చుల్లవగ్గంలో అనుమతులున్నాయి. చట్రం మీద బట్ట బిగించి పొరలు కలపడంలో ఉన్న సాధకబాధకాలు అంత పాత రోజుల్లోనే ఒక సంస్థ కూర్చుని చర్చించిందంటే కారణం స్పష్టం. అక్కడ కుట్టు ఇంటి చాటు పని కాదు, సంఘం బాధ్యత పడిన పని. అందుకే అది పనిముట్ల పేర్లతో సహా మిగిలింది.

బందరు రేవు దగ్గర సాక్ష్యం ఇంకా గట్టిది. 1606లో డచ్చి వారు, 1611లో ఇంగ్లీషు వారు మచిలీపట్నంలో వర్తకం మొదలుపెట్టారు. గోల్కొండ నుంచి బందరు వెళ్లే దారి ఈ మెట్ట మీదుగానే సాగింది. 17వ శతాబ్దం మొదటి దశకాల్లోనే ఇంగ్లీషు కంపెనీ కాగితాల్లో పింటాడో (అద్దకపు బట్ట) బొంతలు సరుకుగా కనిపిస్తాయి. చిరివేరు ఎరుపుతో అద్దిన తీరాంధ్ర బట్ట, మంచం మీద పరిచే పలంపోరు యూరప్ సంపన్నుల పడకగదుల దాకా వెళ్లాయి. అక్కడి నేతగాళ్లకు అది ఎంత గట్టి పోటీ అయిందో చట్టాలే చెబుతాయి. ఫ్రాన్సు 1686లో అద్దకపు బట్టల్ని నిషేధించి 1759 దాకా ఆ నిషేధం నడిపింది. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, చాలక 1721లో మరొకటి చేసి, ఒంటి మీదే కాదు మంచం మీద, కుర్చీ మీద కూడా వాడకూడదన్నది. అలా అరుదైపోయిన బట్టలో పీలిక కూడా విలువైనదే. కెండాల్ దగ్గరి లెవెన్స్ హాల్‌లో 1708 ప్రాంతపు పడక బట్టలు భారతీయ అద్దకపు ముక్కలతో కుట్టినవి. ఇంగ్లండులో మిగిలిన ముక్కల బొంతల్లో అతి పాతవాటిలో అదొకటి. మన ఊళ్లలో పాత చీర ముక్క లేమికి గుర్తయితే, అక్కడ అదే నూలు ముక్క కలిమికి గుర్తయింది. కుట్టు రెండు చోట్లా ఒకటే. కంపెనీ వారికి రంగు ధర, బట్ట ధర, రవాణా ధర కాగితం మీద కావాలి కాబట్టి ఆ వస్తువు చరిత్రలోకి వచ్చింది. కుట్టినవాళ్ల పేర్లు మాత్రం ఆ కాగితాల్లోనూ రాలేదు.

ఈ వాదనకు న్యాయమైన అభ్యంతరం ఒకటుంది. పుట్టబోయే మనవడి కోసం అమ్మమ్మ కుట్టే పొత్తి బొంతను కూలితో తూచడమేమిటి, ప్రేమతో చేసిన పనికి పద్దు రాయడం దాన్ని చిన్నబుచ్చడం కాదా అని. ప్రేమ ఉంది, కాదనను. మెత్తబడిన నూలు చీరే పసిబిడ్డ ఒంటికి సరిపోతుందని ఎరిగిన చేతుల జ్ఞానం దొడ్డది. అయితే ప్రేమ అన్న మాట శ్రమను మరుగుపరచిన తీరు మన పొరుగునే నమోదైంది. నర్సాపురం లేసు పరిశ్రమ మీద మరియా మీస్ 1982లో ప్రచురించిన పుస్తకం చూపించింది ఇదే. ప్రపంచ మార్కెట్టుకు సరుకు తయారు చేస్తున్న గోదావరి తీరపు స్త్రీలను వ్యాపారులూ, ఇంటివాళ్లూ, ప్రభుత్వ గణాంకాలూ ఖాళీ సమయంలో కాలక్షేపానికి అల్లుకునే గృహిణులుగానే చూశారు. అలా చూడబట్టే కూలి అంత తక్కువగా ఉంచగలిగారు. ఎగుమతయ్యే లేసుకే ఆ గతి పడితే, ఇల్లు దాటని బొంత సంగతి చెప్పనక్కర్లేదు.

మరి బొంత ఎందుకు తగ్గింది? మిషను వచ్చి చంపేసిందన్నది అందరూ చెప్పే కారణం. అది నిలవదు. సింగర్ మిషన్లు 19వ శతాబ్దం చివరికే మన దేశంలోకి వచ్చాయి, 1930ల తరవాత ఉషా మిషన్లు ఊరూరా చేరాయి, అయినా బొంతలు ఇంకా దశాబ్దాల పాటు చేత్తోనే కుట్టారు. కారణం సాంకేతికం. ఇంటి మిషను సూదికీ, నిలువు కాడకూ మధ్య ఖాళీ ఆరేడు అంగుళాలే. జాకెట్టు అందులో సులువుగా తిరుగుతుంది, అయిదు పొరల బొంత చుట్ట దూరదు. పాత మిషను బొంత జోలికి రాలేకపోయింది. దెబ్బ తగిలింది ముడిసరుకుకు. 1970ల తరవాత పాలియెస్టర్ చీర నూలు చీర చోటు తీసుకుంది. అది చిరగదు, చెమట పీల్చదు, పొర మీద పొర వేస్తే జారిపోతుంది. మిగిలిన నూలు బట్టకు బయట ధర పలికింది. పాత బట్టలకు స్టీలు సామాన్లిచ్చే వర్తకుడు గుమ్మంలోకి వచ్చాక, నాలుగు పాత చీరలు ఒక గిన్నె అయ్యాయి. బొంత కుట్టే ఆమె శ్రమకు మాత్రం అప్పటికీ ధర లేదు. ధర ఉన్న బట్ట, ధర లేని పని ఎదురుపడితే ఏది ఓడుతుందో తెలిసిందే. పానిపట్ నుంచి చవక కంబళ్లు, పెద్ద పూల మింక్ దుప్పట్లు రావడంతో ఆ ఓటమి పూర్తయింది.

ఇక్కడే లాంగ్‌ఆర్మ్ చరిత్ర మనకు పనికొస్తుంది. అమెరికాలో కూడా ముక్కలు కూర్చి పైపొర తయారు చేసుకున్నవాళ్లకు ఆఖరి కుట్టు దగ్గరే పని ఆగిపోయేది. చట్రం చుట్టూ పదిమంది కూర్చుని కుట్టే తీరిక తగ్గాక, పూర్తికాని పైపొరలు పెట్టెల్లో పడి ఉండేవి. 1980ల్లో మిస్సోరీ రాష్ట్రంలోని గ్యామిల్ వంటి కంపెనీలు సూది తలను పొడవాటి చేతికి అమర్చి, పట్టాల మీద నడిచేలా చేసి, ఇంట్లో పట్టే యంత్రంగా అమ్మాయి. బొంత రూళ్లకు చుట్టుకుని చట్రం మీద కదలకుండా ఉంటుంది, మనిషి పిడి పట్టుకుని మిషను తలనే దాని మీద నడిపిస్తుంది. ఖాళీ పద్దెనిమిది అంగుళాల నుంచి ముప్పై దాకా ఉంటుంది. ఫ్రీమోషన్ దీనికి తిరగేసిన పద్ధతి. మామూలు మిషను పళ్లు కిందికి దించేసి, రఫ్పు పని పాదం బిగిస్తే, బట్టను మిషను లాగదు. రెండు అరచేతులతో బట్టను ఏ దిక్కుకైనా జరుపుతూ ఆకులు, అలలు, మెలికలు కుట్టవచ్చు. నేర్చుకోవడంలో కష్టమంతా వేగాలు రెండూ కుదర్చడం. కాలు వేగంగా తొక్కి చేయి నెమ్మదిస్తే కుట్లు నలుసులవుతాయి, చేయి తొందరపడితే అంగుళాల పొడవు సాగుతాయి. పై దారం, అడుగు దారం బిగువు సరిపోకపోతే కింది వైపు ఉచ్చులు పడతాయి. చేతి కుట్టులో కన్ను చేసే పని ఇక్కడ భుజమూ మణికట్టూ చేయాలి.

మిషను మీద కుట్టినది చేతిపని ఎలా అవుతుందన్న ప్రశ్న అక్కడా వచ్చింది. 1989లో కెంటకీ రాష్ట్రంలోని పడూకాలో అమెరికన్ క్విల్టర్స్ సొసైటీ పోటీలో క్యారల్ బ్రయర్ ఫాలర్ట్ మిషనుతో కుట్టిన బొంతకు అత్యుత్తమ బహుమతి వచ్చినప్పుడు పెద్ద దుమారమే లేచింది. అభ్యంతరం చెప్పినవాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. చేతి కుట్టులో దారం తేలిగ్గా కూర్చుని బట్ట మెత్తగా ముడుచుకుంటుంది. మిషను కుట్టు కాస్త బిరుసు, ఆ తేడా ఒంటికి తెలుస్తుంది. పసివాళ్ల బొంతకు నేనైతే చేతి కుట్టునే ఎంచుతాను. కానీ ఆ గీత ఎటు తిరగాలో, ఎక్కడ దట్టంగా పడాలో ఎక్కడ పలచబడాలో నిర్ణయించేది మిషను కాదు. కంప్యూటరు గీసే నమూనాల విషయంలో ఈ జవాబు చెల్లదని ఒప్పుకుంటాను. అక్కడ నిర్ణయం నమూనా తయారు చేసినవారిది.

ఇంకొందరి మాట ఇది: బొంత పేదరికం వస్తువు, పోతే పోనీ, దాన్ని మెచ్చుకోవడం లేమిని మెచ్చుకోవడమే. అలబామాలోని జీస్ బెండ్ నల్లజాతి స్త్రీలు చలికి కప్పుకోవడానికి పాత పనిబట్టలతో కుట్టిన బొంతలు 2002లో హ్యూస్టన్, తరవాత న్యూయార్క్ మ్యూజియం గోడల మీదికెక్కాయి. వారి లేమిని అందులో ఎవరూ దాచలేదు, వారి కూర్పులోని ధైర్యాన్నీ దాచలేదు. పేదరికం పోవాలి. దానితోపాటు ఆ చేతుల నైపుణ్యం కూడా పోవాలన్నది ఎందుకు?

ఆ నైపుణ్యం ఈ మెట్టలో పోనూ లేదు, కూలి దొరికే చోటికి మళ్లింది. ఇప్పుడు పెళ్లి జాకెట్ల మీద మగ్గం వర్కు చేసేవాళ్లు బట్టను చట్రానికి బిగించి కుడతారు, లాంగ్‌ఆర్మ్ సగం పాఠం అదే. పాదం తీసేసి, రింగు బిగించి మిషన్ ఎంబ్రాయిడరీ చేసేవాళ్ల చేతిలో ఉన్నది ఫ్రీమోషనే. జాకెట్టుకు వేలు ఇచ్చేవాళ్లున్నారు కాబట్టి ఆ పని నేర్పే సెంటర్లున్నాయి. లాంగ్‌ఆర్మ్ కుట్టేవాళ్లు అమెరికాలో చదరపు అంగుళానికి ఇన్ని సెంట్లని ముందే ధర చెబుతారు. రెండు సెంట్లనుకుంటే, మొదట లెక్కేసిన అయిదడుగుల బొంతకు 5,040 చదరపు అంగుళాలు, 100 డాలర్ల 80 సెంట్లు. బట్ట ధర అందులో లేదు, ముక్కలు కూర్చిన పని లేదు, అది కుట్టుకు మాత్రమే కట్టిన కూలి. ఆ లెక్క అలవాటయ్యాక అక్కడి పోటీల పద్ధతి కూడా మారింది. పైపొర కూర్చినవారూ, కుట్టినవారూ వేరైతే ఇప్పుడు ప్రదర్శన పట్టికలో ఇద్దరి పేర్లూ వేస్తున్నారు, ఇద్దరు కలిసి చేసిన బొంతలకు విడిగా బహుమతులిస్తున్నారు.