మన నడింట్లో టీవీ ఏ భాష మాట్లాడింది?



పోయిన కూటంలో ఒక పెద్దాయన లేచి, "మన బిడ్డలు తెలుగు మరిచిపోయినారు, అంతా బడి వల్లనే" అన్నారు. అందరమూ తలలూపినాము. ఇంటికొచ్చి ఆలోచిస్తే ఆ మాట సగమే నిజమని తోచింది. మేము చదివింది తమిళ బడిలోనే. మా నాయన చదివిన నాలుగు తరగతులూ తమిళమే. అయినా మా ఇంట్లో తెలుగు పోలేదు. మరి ఎప్పుడు జారడం మొదలైంది? దానికి జవాబు బడిలో ఒక్కచోటే వెతికితే దొరకదు. నడింట్లో పెట్టుకున్న టీవీ పెట్టె దగ్గర కూడా వెతకాల. అందుకే ఈసారి కావేరిపట్టణంలో మన ఇళ్ళలో టీవీ చూసిన కథ రాస్తున్నాము. రైల్వే గుమాస్తా రాతలు కదా, తేదీలు కొంచెం ఎక్కువగానే ఉంటాయి, ఓర్చుకోండి.

ముందు టీవీ లేని కాలం. మేము పుట్టినప్పుడు మన ఊరు సేలం జిల్లాలో ఉండేది. 1965లో ధర్మపురి జిల్లా అయింది, 2004లో కృష్ణగిరి జిల్లా అయింది. జిల్లా పేరు మారినా ఇంట్లో మాట మారలేదు. అంగట్లో తమిళం, బడిలో తమిళం, గడప దాటి లోపలికొస్తే తెలుగు. కాని ఆ తెలుగుకి అక్షరం లేదు. కుప్పంలో ఉండే మా మేనత్తకి జాబు రాయాలంటే తెలుగు మాటల్ని తమిళ అక్షరాల్లో రాసేవాళ్ళము. తమిళంలో క ఖ గ ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. మేము "గాజులు" అని రాస్తే అక్కడ తమిళం చదవగలిగినాయన "కాసులు" అని చదివి, "మీ తమ్ముడు కాసులు పంపిస్తాడంట" అని చెప్పినాడు. మేనత్త చాలా దినాలు కాసుల కోసం కాచుకోనింది. ఆమె తెలుగులో జవాబు రాస్తే ఇక్కడ చదివేవాళ్ళు లేరు. పక్కపక్కనే ఉండే రెండిళ్ళు, మాట ఒకటే, కాగితం మీద మాత్రం ఒకరికొకరు పరాయివాళ్ళు.

1975 ఆగస్టు ఒకటిన అమెరికా ఉపగ్రహం ఒకదాని సాయంతో ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకి టీవీ చూపించడం మొదలుపెట్టినారు. సైట్ అని దాని పేరు. ఒక సంవత్సరం నడిచింది. ఆంధ్రప్రదేశ్ ఉంది, కర్ణాటక ఉంది, మన తమిళనాడు ఆ ఆరులో లేదు. అదే ఆగస్టు 15న మదరాసులో దూరదర్శన్ మొదలైంది. ఆ బొమ్మ మన ఊరి దాకా రాదు. ఆ సంవత్సరమే ఎస్సెస్సెల్సీ ముగించిన మేము దినపత్రికలో "తొలైక్కాట్చి" అనే మాట మాత్రం చూసినాము, పెట్టెను చూడలేదు.

తర్వాత రైల్వేలో ఉద్యోగం వచ్చింది, జోలార్‌పేటలో వేసినారు. అక్కడి నుంచి బెంగళూరు బండెక్కితే దారిలోనే కుప్పం. స్టేషను బోర్డు మీద తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడూ ఉంటాయి. కింద ఇంగ్లీషులో ఉండేదాన్ని చూసుకుంటా పైన తెలుగు అక్షరాలను పోల్చుకున్నాము. మేము మొదట చదివిన తెలుగు మాట "కుప్పం". మాకు అక్షరాభ్యాసం చేసిన అయ్యవారు ఆ బోర్డే.

మా ఇంటికి టీవీ 1986లో వచ్చింది. సాలిడేర్, నలుపు తెలుపు, తలుపులు మూసే పెట్టె. హోసూరు వాళ్ళకి బెంగళూరు బొమ్మ సుళువుగా పడేది. మనకి పొడుగు పైపు కట్టి, యాంటెన్నా బెంగళూరు దిక్కుకి తిప్పి, ఒకడు మిద్దె మీద నుంచి "వచ్చిందా?" అంటే ఒకడు కింద నుంచి "రాలేదు, ఇంకొంచెం" అని అరవాల. ఇంత కష్టపడి తెచ్చుకుంటే ఆ పెట్టె మాట్లాడింది కన్నడం, హిందీ. తెలుగింట్లో, తమిళ దేశంలో, ఆ రెండూ కానిది! తర్వాత తమిళం కూడా వచ్చింది. శుక్రవారం రాత్రి ఒలియుం ఒళియుం పాటలంటే వీధి ఖాళీ. అదే శుక్రవారం హైదరాబాదు వాళ్ళకి చిత్రలహరి వచ్చేదని మా మేనత్త కొడుకు గొప్పలు చెప్పేవాడు. ఆదివారం మధ్యాహ్నం ఢిల్లీ నుంచి ఒక్కో వారం ఒక్కో భాష సినిమా వేసేవాళ్ళు. వరస తిరిగి తెలుగు వచ్చేదాకా కాచుకోవాల. వచ్చిన దినం కరెంటు పోకూడదు.

1987 జనవరి 25, ఆదివారం. రామానంద్ సాగర్ రామాయణం మొదలైంది. మా నడింట్లో ఇరవై ముప్పై మంది. హిందీ ఎవరికీ తెలీదు. రైల్వేలో హిందీ పరీక్ష రాసిన పాపానికి మమ్మల్ని పెట్టె పక్కన కూర్చోబెట్టి అర్థం చెప్పమన్నారు. చెప్పడం మొదలుపెడితే మా నోట్లో "సీతై", "ఇలక్కువన్" అని బడి తమిళమే వచ్చింది. వెనకాల కూర్చున్న మా అవ్వ, "ఏమిరా, సీతమ్మోరు అనేదానికి నోరు రాలేదా? లచ్చుమన్న అను" అని గదిమింది. ఆమెకి ఒక్క అక్షరం రాదు. ధర్మరాజు గుడి దగ్గర రాత్రంతా కథలు విని పెరిగిన మనిషి. 1988 జూలై ఆఖరు దాకా, ఏడాదిన్నర, ప్రతి ఆదివారమూ మేము హిందీలోంచి తెలుగులోకి చెప్పేది, ఆమె మా తెలుగుని దిద్దేది. మాకు కథ చెప్పే తెలుగు వచ్చింది అట్ల. తెర మీద హిందీ, తెర ముందర తెలుగు. పెట్టె ఏ భాషలో ఉన్నా ఇల్లు తన భాషలోనే చూసింది.

1993 ఏప్రిల్ 14న సన్ టీవీ వచ్చింది. 1995 ఆగస్టు 27న ఈటీవీ. అదే సంవత్సరం జెమిని. అప్పటి సెట్లలో మీటలు కొన్నే, కేబులు తమ్ముడి దగ్గర జాగా కొంచెమే. మన వాళ్ళం పది మందిమి పోయి అడిగితే ఒక మీటకి ఈటీవీ పెట్టినాడు. మొదటి దినం మా అమ్మ పెట్టె ముందర కూర్చుని కన్నీళ్ళు పెట్టుకోనింది. వార్తలు చదివే అమ్మాయి నేరుగా తనతోనే మాట్లాడతా ఉన్నట్టు అనిపించిందంట.

మా రెండో బడి అదే. చెవికి తెలిసిన మాట కంటికి కనబడతా ఉంటే అక్షరం దానంతట అదే పట్టుబడుతుంది. "తరువాయి భాగం" అని పలికి, అదే తెర మీద రాస్తే, త అంటే ఇది, భ అంటే ఇది అని తెలిసిపోయింది. 1996లో మొదలైన పాడుతా తీయగాలో బాలసుబ్రహ్మణ్యం గారు పిల్లలు పాడినాక ఒత్తు ఎక్కడ పోయింది, శ ఎక్కడ స అయింది అని మెల్లగా చెప్పేవారు. అది ఆ బిడ్డలకి చెప్పినా మా ఇంటిల్లిపాదికీ పాఠమే. భారతాన్ని "బారదం" అనే అలవాటు మాకు ముప్పై ఏడేళ్ళకి పోయింది. పొద్దున్నే అన్నదాత. మామిడితోట ఉండే మా చిన్నాయన అది చూడకుండా బయటికి పోయేవాడు కాదు. పురుగు పేర్లు, మందు పేర్లు తెలుగులో చెప్పి మందుల అంగడి వాణ్ణి ఇబ్బంది పెట్టేవాడు. ఆ తర్వాత జెమినిలో అమృతం. నవ్వించడానికి ఎవరినీ కించపరచనక్కరలేదని చూపించిన సీరియల్ అని మా అభిప్రాయం.

మంచి చెప్పినాము, చెడు కూడా చెప్పాల. తెర మీద తెలుగు కోస్తా తెలుగు. మనది వేరే. మనం "ఉండాది" అంటాము, వాళ్ళు "ఉంది" అంటారు. మనం "అంగడి" అంటే వాళ్ళు "షాపు" అంటారు. హాస్యం కార్యక్రమాల్లో మన యాస మాట్లాడేవాడు ఎప్పుడూ పనివాడో, మొరటోడో. కొన్నేళ్ళకి మా బిడ్డ తన అవ్వతో, "నువ్వు మాట్లాడేది తెలుగు కాదవ్వా, టీవీలో వచ్చేది తెలుగు" అనింది. అవ్వ నవ్వేసింది. మాకు మాత్రం ముల్లు గుచ్చుకున్నట్టయింది. తెలుగు సరిగా రాదని చుట్టాల ముందర నోరు మూసుకోని, తమిళంలో మాట్లాడితే మర్యాదగా ఉంటుందని మారిపోయిన ఇళ్ళు మనలో ఎన్ని లేవు? అక్షరం నేర్పిన పెట్టే సిగ్గు కూడా నేర్పింది.

ఇంకో పక్క, రాధిక గారి చిత్తి సీరియల్ తమిళంలో వచ్చింది. దాన్నే తెలుగులో పిన్ని అని జెమినిలో వేసినారు. కుప్పంలో పిన్ని, కావేరిపట్టణంలో చిత్తి. మా ఇంట్లో చిత్తే చూసినారు. ఏమిటికంటే రేపు పొద్దున నీళ్ళ కొళాయి దగ్గర పక్కింటావిడతో మాట్లాడాలంటే తమిళ కథే తెలిసుండాల కదా. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఆడవాళ్ళు ఇరుగుపొరుగుతో కలిసి బతకాల. కాని రాత్రి భోజనం వేళ, ఇల్లంతా ఒకచోట చేరే ఆ ఒక్క గంట, తెలుగు గంటగా ఉండేది తమిళ గంట అయింది.

2006 రెండు విధాల గుర్తుంచుకోవాల్సిన సంవత్సరం. ప్రభుత్వం ఇంటింటికీ ఉచిత కలర్ టీవీ ఇవ్వడం మొదలుపెట్టింది. పూరిల్లకి కూడా పద్నాలుగు అంగుళాల పెట్టె వచ్చింది. అదే సంవత్సరం బడుల్లో తమిళం తప్పనిసరి చేసే చట్టం వచ్చింది. ఒకటో తరగతి నుంచి ఏటా ఒక తరగతి ఎక్కుతా 2016కి పదో తరగతి చేరింది. చట్టం మీద మనం మహజర్లు రాసినాము, కోర్టులకి పోయిన వాళ్ళు ఉన్నారు. అది న్యాయమే. కాని టీవీ మీద ఎవరమూ మహజరు రాయలేదు. రిమోటు మన చేతిలోనే ఉండేది.

అది కళ్ళకి కట్టినట్టు తెలిసింది 2019లో. మేము పదవీ విరమణ చేసిన సంవత్సరం అదే. ఫిబ్రవరి నుంచి కొత్త పద్ధతి: ఏ ఛానెల్ కావాలో ఇంటివాళ్ళే రాసివ్వాల, దానికే డబ్బు కట్టాల. నూరు ఛానెళ్ళకి 130 రూపాయలు, పన్ను వేరే. దాని పైన డబ్బు కట్టి చూసే ఛానెళ్ళలో పెద్దవి ఒక్కోటి నెలకి 19 రూపాయల దాకా. కేబులు తమ్ముడు కాగితం తెచ్చి ఇచ్చినాడు. మా కోడలు తమిళ ఛానెళ్ళకి టిక్కులు పెట్టింది, పిల్లలు కార్టూన్లకి పెట్టినారు, కొడుకు క్రికెట్టుకి పెట్టినాడు. తెలుగు గడి దగ్గరికొచ్చి, "మామా, ఇది ఎవరు చూస్తారు?" అని అడిగింది. చెడ్డగా అడగలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. అమ్మ అప్పటికి లేదు. మేము ఒక్కరం. మా ఒక్కరికోసం డబ్బు ఏమిటికిలే అని, "వద్దులేమ్మా" అనేసినాము. కోర్టు కాదు, సర్కారు కాదు, మేమే అన్నాము. ముప్పై ఏడేళ్ళు రైల్వేలో ఎన్నో కాగితాల మీద సంతకం పెట్టినాము. ఇంత బరువైన సంతకం ఇంకొకటి లేదు.

మరుసటి ఏడు లాక్‌డౌను. 2020 మార్చి 28 నుంచి దూరదర్శన్‌లో ఆ పాత రామాయణం మళ్ళీ వేసినారు. అదే రాముడు, అదే హిందీ. పిల్లలు మా పక్కన కూర్చున్నారు. మేము పాత అలవాటుగా తెలుగులో అర్థం చెప్పడం మొదలుపెట్టినాము. మనవరాలు కొంచెంసేపు విని, "తాతా, తమిళ్‌ల సొల్లుంగ" అనింది. చెప్పినాము. ఏం చేస్తాము, కథ తెలియాల కదా. 1987లో వెనక నుంచి దిద్దిన అవ్వ గొంతు కోసం ఒకసారి తల తిప్పి చూసినాము. గోడ తప్ప ఏమీ లేదు.

తమిళం మాకు పరాయిది కాదు. చదువు చెప్పింది, ఉద్యోగం ఇచ్చింది, అన్నం పెట్టింది. తమిళం తగ్గించమని మేము ఎవరికీ చెప్పము. తెలుగుకి ఇంట్లో ఒక గంట జాగా ఇమ్మని మాత్రమే అడుగుతున్నాము.

ఆ సెప్టెంబరులో బాలు గారు పోయిన దినం మేము కేబులు తమ్ముడికి ఫోను చేసి ఒక తెలుగు ఛానెల్ పెట్టించుకున్నాము. ఆయన తర్వాత పాడుతా తీయగాను కొడుకు చరణ్ చేపట్టినారు. దాన్ని ఇప్పుడు మనవరాలితో కూర్చుని చూస్తాము. పాట అయినాక, "ఆ పాప ఏ ఊరంట?" అని తెలుగులో అడుగుతాము. మొదట తమిళంలో జవాబు చెప్పేది. ఇప్పుడు సగం సగం చెప్తుంది. మొన్న, "తాతా, ఆ పాప బాగా పాడతా ఉండాది" అనింది. టీవీ వాళ్ళు "ఉంది" అంటారు కదా, నీకు "ఉండాది" ఎక్కడిదే అని అడిగితే, "నువ్వు అంటావు కదా" అనింది. మేము దిద్దలేదు.

రాబోయే కూటంలో ఒక గంట దీనికి పెట్టుకుందాము. మీ ఇంటికి మొదటి టీవీ ఎప్పుడు వచ్చింది, దాని ముందర కూర్చున్న పెద్దవాళ్ళు ఏ మాటలు మాట్లాడేవాళ్ళు, గుర్తు తెచ్చుకోని రండి. ఇంట్లో ఎనభై దాటిన అవ్వతాతలుంటే వాళ్ళ మాటని ఫోనులో పట్టి తీసుకురండి. తెలుగు చదవరాని మన వాళ్ళకి ఈ రాతని చదివి వినిపించండి. తమిళ బడిలో చదివినాము కాబట్టి తప్పులుంటాయి, పెద్దలు దిద్దండి. దిద్దేవాళ్ళు ఇంకా ఉన్నారంటే అదే మాకు సంతోషం.