ద్రాక్షతోటల దారి : ఫ్రాన్సు పల్లెల అతిథి సత్కార చరిత్ర

మన సంచికను చదువు కుటుంబములలో యానాము వారికి ఫ్రాన్సు పేరు క్రొత్త గాదు. 1954వ సంవత్సరము వరకు ఆ యూరు ఫ్రెంచి ప్రభుత్వము క్రింద నుండెను. గోదావరి పాయ యొడ్డున పుట్టిన పిల్లలు తెలుగుతోపాటు ఫ్రెంచి యక్షరములను గూడ దిద్దిరి. అయినను పారిస్ నగరపు మాట వినినంతగా ఆ దేశపు పల్లెల మాట మనము వినియుండలేదు. నేడు ఆ పల్లెలను చూచుటకై ఏటేట నానాదేశముల జనులు పోవుచున్నారు. వారు చూడబోవునవి కోటలును దేవళములును మాత్రమే కావు, ద్రాక్షతోటలు. తోట యజమాని తానే వాకిట నిలిచి వారిని లోనికి పిలుచును, తీగలను చూపును, చల్లని నేలమాళిగలో వరుసగా పేర్చిన పీపాలను చూపును, చిన్న గ్లాసులో ఇంత పోసి రుచి చూపి పంపును. 2016లో ఇట్టి యాత్రికులు ఇంచుమించు ఒక కోటిమంది యని అంచనా వేసిరి.

మద్యపానమును మెచ్చుకొనుట మా యుద్దేశము కాదు. ఆ దేశపు ప్రభుత్వమే 1991లో శాసనము చేసి మద్యముల ప్రకటనలను కట్టడి చేసినది. మేము చెప్పదలచినది కర్షకుల కథ. ఎక్కడివారో యెరుగని జనులు తమ గడపకు వచ్చునట్లు వారెట్లు చేసికొనిరి, అందువలన వారికి దక్కినదేమి, దక్కనిదేమి యనునదే మా విషయము. ఈ యాచారము కలిమిలో పుట్టినదని పలువురు తలంతురు. అది లేమిలో పుట్టినది.

ద్రాక్షతీగ ఫ్రాన్సునకు పరదేశమునుండి వచ్చినదే. క్రీస్తుపూర్వము 600 ప్రాంతమున గ్రీకులు దక్షిణ తీరమున మార్సెయ్ రేవును నెలకొల్పి, ద్రాక్షసేద్యమును తెచ్చిరి. పిమ్మట రోమనుల కాలమున అది ఉత్తరమునకు ప్రాకెను. రోమను సామ్రాజ్యము కూలిన తరువాత ఆ సేద్యమును కాపాడినవారిలో క్రైస్తవ సన్న్యాసులు ముఖ్యులు. ఆరాధనమునకు వారికి ద్రాక్షాసవము కావలసియుండెను. బుర్గుండీ దేశమున 1098లో సీతో అనుచోట నొక మఠము వెలసెను. కాయకష్టమే తపస్సని నమ్మిన ఆ మఠమువారు వూజో గ్రామమున సుమారు 125 ఎకరముల తోటకు చుట్టును రాతిగోడ కట్టిరి. ఆ గోడ నేటికిని నిలిచియున్నది. ఏ చెక్క నేలలో పండిన పండునకు ఏ రుచి వచ్చునో వారు తరతరములుగా పరిశీలించి, హద్దులు గుర్తించుచు వచ్చిరి. బుర్గుండీలో అట్టి పేరుగల చెక్కలు నేడు 1,247 కలవు. వాటిని అక్కడివారు ‘క్లిమా’ లందురు. ఒక్కొక్క దానికి ఒక్కొక్క పేరు, ఒక్కొక్క చరిత్ర. 2015లో యునెస్కో సంస్థ వీటిని ప్రపంచ వారసత్వపు పట్టికలో చేర్చినది.

ఆ ప్రాంతమునకే చెందిన బోన్ పట్టణమున 1443లో నికొలా రొలేన్ అను మంత్రియు ఆయన భార్య గిగోనును బీదలకై యొక వైద్యశాలను స్థాపించిరి. అప్పటికి దేశము దీర్ఘయుద్ధముతో చితికియుండెను. తరువాతి కాలమున పుణ్యాత్ములు ఆ వైద్యశాలకు ద్రాక్షతోటలను మాన్యములుగా నిచ్చిరి. మన దేవాలయములకు మడిమాన్యములు వ్రాసియిచ్చిన రీతియే యిది. ఆ తోటల పంటను 1859 మొదలు ఏటేట బహిరంగముగా వేలము వేయుచున్నారు. నవంబరు నెలలో జరుగు ఆ వేలమునకు దూరదేశపు వర్తకులు వత్తురు. వారితో వేడుక చూచువారును వత్తురు. రోగులను 1971లో క్రొత్త ఆసుపత్రికి మార్చిరి. రంగురంగుల పెంకులతో కప్పిన ఆ పాతభవనము ఇప్పుడు ప్రదర్శనశాల. వేలము మాత్రము ఆగలేదు.

1789 నాటి విప్లవముతో మఠముల తోటలు ప్రభుత్వపరమై అమ్ముడుపోయినవి. 1804లో నెపోలియను ధర్మశాస్త్రము బిడ్డలందరికిని ఆస్తిలో సమభాగమును విధించెను. న్యాయమైన శాసనమే, కాని తరతరమునకును తోటలు ముక్కలగుచు వచ్చినవి. అన్నదమ్ముల భాగపంపకములలో మళ్ళు గట్లుగా మారుట యెరిగిన మనకు ఈ సంగతి వేరుగా విప్పిచెప్ప నక్కరలేదు. గోడ కట్టిన వూజో తోటయు 1889లో ముక్కలుగా విక్రయింపబడెను. నేడు దానికి సుమారు 80 మంది యజమానులు. కొందరికి కొన్ని వరుసల తీగలు మాత్రమే కలవు.

ఇంతలో గొప్ప విపత్తు వచ్చిపడెను. అమెరికానుండి తెచ్చిన మొక్కలతోపాటు ‘ఫిలాక్సెరా’ అను సూక్ష్మకీటకము వచ్చినది. 1863 ప్రాంతమున దక్షిణమున గార్ జిల్లాలో తీగలు కారణము తెలియక ఎండసాగినవి. 1868లో మోంపెలియే పట్టణపు శాస్త్రజ్ఞుడు ప్లాంషోన్ మొదలగువారు వేళ్ళను త్రవ్విచూచి పురుగును గుర్తించిరి. ఎండిన తీగను విడిచి పచ్చని తీగకు తరలిపోవుట దాని స్వభావము. అందుచేతనే చచ్చిన తీగను పరీక్షించినవారికి అంతవరకు అది కనబడలేదు. 1878 నాటికది బుర్గుండీకి ప్రాకెను. తుదకు మందు శత్రువు పుట్టిన యింటనే దొరకినది. అమెరికా తీగల వేళ్ళు ఆ పురుగుకాటునకు ఓర్చుకొనగలవు. కనుక ఆ వేరుమీద ఫ్రెంచి కొమ్మను అంటుకట్టిరి. నేడు ఫ్రాన్సులో కాయు ద్రాక్షలలో అత్యధికభాగము పరాయి వేరుపై నిలిచిన స్వదేశపు కొమ్మకు కాసినదే.

పురుగు పోయినను కష్టము పోలేదు. మొదటి ప్రపంచయుద్ధము పడుచువారిని పొట్టనబెట్టుకొనెను. 1920 మొదలు 1933 వరకు అమెరికా మద్యనిషేధమును పాటించుటచే ఆ విపణి మూతపడెను. 1929లో లోకమంతటను వ్యాపారము కూలెను. కొనువారు లేక పీపాలు నేలమాళిగలలో నిండియుండెను. పైగా వర్తకులలో కొందరు నాసిరకపు సరకునకు పేరుగల గ్రామముల పేర్లు అంటించి అమ్ముచుండిరి. ఈ మోసమును అరికట్టుటకే 1935లో ఫ్రెంచి ప్రభుత్వము శాసనము చేసినది. ఏ యూరి పేరు పెట్టవలెనన్న ఆ యూరి నేలలో, అక్కడి పద్ధతి ననుసరించి పండియుండవలెను. ఊరి పేరు ఆ యూరివారి ఉమ్మడి ఆస్తి యని చట్టము ఒప్పుకొన్నది.

చట్టము పేరును కాపాడెను. సరకును మాత్రము అమ్మిపెట్టలేదు. అప్పుడు బుర్గుండీవారికి ఒక యుపాయము తోచినది. 1934 నవంబరులో న్యుయీ సేన్ జార్జ్ అను చిన్న పట్టణమున కమీయ్ రొదియే, జార్జ్ ఫేవ్లే అను మిత్రులు మరికొందరితో కలిసి నేలమాళిగలో నొక సంఘమును స్థాపించిరి. రుచిచూచు చిన్న వెండిగిన్నెను అక్కడివారు ‘తాత్‌వేన్’ అందురు. ఆ గిన్నె పేరే సంఘమునకును పెట్టిరి. కొనువారు రానప్పుడు అతిథులనే పిలుతమనునది వారి ఆలోచన. ఎర్రని యంగీలు తొడిగి, పాటలు పాడి, ఊరి వంటలతో విందులు చేసిరి. రాయబారులను, రచయితలను, పత్రికలవారిని పిలిచిరి. వచ్చినవారు తమ దేశములకు పోయి ఆ యూరి పేరు చెప్పిరి. ఆ సంఘమే 1944లో వూజో తోటలోని పాత మఠభవనమును సొంతము చేసికొని బాగుచేసినది.

1936లో కార్మికులకు వేతనముతో కూడిన రెండు వారముల సెలవును చట్టము ప్రసాదించెను. సామాన్యులును దేశము చూడ బయలుదేరిరి. మరుసటి సంవత్సరమే, 1937లో, దిజోన్ పట్టణము మొదలు సాంతెనే గ్రామము వరకు సుమారు 60 కిలోమీటర్ల బాటకు ‘గొప్ప తోటల దారి’ యని పేరు పెట్టిరి. ఫ్రాన్సులో తొలి ద్రాక్షదారులలో ఇది యొకటి. క్రొత్తగా వేసినది కాదు. బండ్లు నడచిన పాత బాటయే. కాని బాటకు పేరు పెట్టుటతో బాటసారికి గమ్యము ఏర్పడెను.

ఈ కథలో మాకు మిక్కిలి ప్రీతికరమైనది వేరొకటి కలదు. బుర్గుండీ గ్రామములలో సెయింట్ విన్సెంటు పేర పరస్పర సహాయ సంఘములు చాలకాలముగా నుండెను. ఆ మహాత్ముని ద్రాక్షకాపులు తమ కాపుదేవరగా భావింతురు. సభ్యుడెవడైన జబ్బుపడినచో తక్కినవారు పోయి అతని తోటపని చేసిపెట్టుదురు. దేవర విగ్రహము ఒక్కొక్క యేడు ఒక్కొక్క యింట నుండును. జనవరి నెలలో ఉత్సవమునాడు ఊరేగింపుతో మరియొక యింటికి చేరును. 1938లో ఈ గ్రామసంఘములన్నియు ఏకమై ఏటేట ఒక గ్రామమున సమావేశమగు నియమమును చేసికొన్నవి. తొలియుత్సవము షాంబోల్ మ్యుజిన్యీ గ్రామమున జరిగెను. మంచులో తెల్లవారుజామున పతాకలు పట్టి, విగ్రహములు మోసి నడచు ఆ యూరేగింపును చూచుటకు ఇప్పుడు వేలకొలది జనులు వత్తురు. చూచువారికది వేడుక. మోయువారికి మాత్రము అది పొరుగువాని కష్టమున పాలుపంచుకొందునను మాట.

ఇక ఆల్సాస్ సీమ సంగతి. ఇది ఫ్రాన్సునకు తూర్పు సరిహద్దు. అక్కడి జనుల యింటిమాట జర్మనుభాషా కుటుంబమునకు చెందినది. 1871లో ఆ సీమ జర్మనీ పాలయ్యెను. 1918లో ఫ్రాన్సునకు తిరిగివచ్చెను. 1940లో మరల జర్మనులు ఆక్రమించిరి. 1945 నాటికి మరల ఫ్రాన్సులో చేరెను. ఒక్క మనుష్యుని జీవితకాలములో నాలుగుమారులు పాలకులు మారిరి. బడిలోని భాషయు మారెను. నాజీల కాలమున ఫ్రెంచిమాట నిషిద్ధము. మనుష్యుల పేర్లు సైతము మార్పించిరి. యుద్ధానంతరము ఫ్రెంచి మాటలాడుటయే గొప్పయని ప్రచారము చేసి, ఇంటిమాటను బడిలో వెనుకకు నెట్టిరి. 1944-45 చలికాలమున కొల్మార్ పట్టణ ప్రాంతమున జరిగిన పోరులో బెన్‌వీర్, మిత్తెల్‌వీర్, అమ్మెర్ష్‌వీర్ మొదలగు ద్రాక్షగ్రామములు నేలమట్టమయ్యెను.

ఆ శిథిలములనుండి లేచినవారు ఎనిమిదేండ్లకు, 1953లో, మార్లెన్‌హైమ్ గ్రామము మొదలు తాన్ పట్టణము వరకు సుమారు 170 కిలోమీటర్ల ద్రాక్షదారిని తెరచిరి. ఆ దారిలో అతిథికి భోజనముపెట్టు చిన్నసత్రమును వారి మాటలో ‘వీన్‌స్టుబ్’ అందురు. ఊళ్ళ పేర్లు వారి భాషవే. ద్రాక్షజాతుల పేర్లలో పెక్కులు జర్మను నుడులే. యాత్రికుడు ఆ పేర్లకు, ఆ చెక్కయిండ్లకు, ఆ వంటలకు ముచ్చటపడి వచ్చును. ఒకప్పుడు అవమానమునకు గురియైన యాస ఇప్పుడు వ్యాపారపు బలగము.

కాని చరిత్రకారుడు ఇక్కడ ఆగి యొక ప్రశ్న వేయవలెను. సత్రము పలకమీది యా మాట యజమాని పిల్లలనోట నున్నదా? కొన్ని పట్టణములలో వీధుల పేర్లు రెండు భాషలలోను వ్రాసియున్నవి. కాని ఇంటిలో తల్లిదండ్రులనుండి ఆ మాట నేర్చు పిల్లలు తరతరమునకును తగ్గుచున్నారు. అతిథి వలన గ్రామము బ్రతికినది, పండుగ బ్రతికినది, పేరు బ్రతికినది. భాషను బ్రతికించుట అతిథికి సాధ్యము కాదు. ఈ సంగతి గ్రహించిన తల్లిదండ్రులు కొందరు సంఘముగా నేర్పడి 1990 తరువాత రెండు భాషల శిశుపాఠశాలలను తెరచిరి. అది చిన్న ప్రయత్నమే. అయినను సరియైన చోట మొదలైనది.

బుర్గుండీవారికిని చింత లేకపోలేదు. తోటల ఖ్యాతితో నేల ధర ఆకాశమునంటినది. తండ్రి పోయినపుడు వారసులు పన్ను చెల్లింపలేక ధనవంతులకు అమ్ముకొను సందర్భములు కలవు. బోన్ పట్టణమున 1354 మొదలు కోతలు ఆరంభమైన తేదీలను పాత లెక్కలనుండి కూర్చి 2019లో ప్రకటించిరి. 1988 తరువాత కోతలు సగటున 13 దినములు ముందుగా వచ్చుచున్నవని అందు తేలినది. వేడి పెరిగి, ఏ నేలకు ఏ రుచియని సన్న్యాసులు వ్రాసికొనిన లెక్క తారుమారగునేమోయని కాపులు కలతపడుచున్నారు. 2016లో బోర్దో నగరమున ద్రాక్షాసవపు చరిత్రకై గొప్ప ప్రదర్శనశాలను కట్టిరి. సందర్శకులకు అది విజ్ఞానదాయకమే. కాని యే ప్రదర్శనశాలయు జబ్బుపడినవాని తోటలో కత్తెరపట్టి కొమ్మ కత్తిరింపదు. ఆ పని పొరుగువారిది.

బరంపురమున, షోలాపురమున, హోసూరున, బళ్ళారిలో, యానాములో మన సమాజములు ఏటేట ఉగాది జరుపుచున్నవి. పొరుగు భాషలవారిని పిలిచి మన పచ్చడి రుచి చూపుచున్నాము. మన పద్యము వినిపించుచున్నాము. ఇది మంచిదే, ద్రాక్షకాపులు చేసినదియు ఇదియే. వారి చరిత్రనుండి మనము గ్రహింపవలసినవి రెండు కలవని మాకు తోచుచున్నది. దేవర విగ్రహమువలె సమాజపు బాధ్యత ఏటేట ఇల్లు మారవలెను; ఒక్క యింటనే యుండిపోరాదు. ఆల్సాసువారి పలకవలె మన తెలుగు సభామండపపు తోరణముమీద మాత్రమే మిగులరాదు. ఉత్సవము ముగిసి అతిథులు వెడలిన పిమ్మట, ఆ రాత్రి భోజనమువేళ మన పిల్లలు మనతో ఏ భాషలో మాటలాడుదురో, దానిని బట్టియే మన సంఘముల కృషి ఫలించినదియు లేనిదియు తెలియును.