వింటినారి చెప్పే మన చరిత్ర

ఆదివాసీ దినోత్సవం వచ్చిందంటే మన వేదికల మీద విల్లంబులు కనిపిస్తాయి. మన జెండాల మీద, కరపత్రాల మీద, మన వీరుల విగ్రహాల చేతుల్లో విల్లు ఉంటుంది. ఆ విల్లుకు ప్రాణం పోసేది నారి. నారిని మన పెద్దలు ఏ పనిముట్లతో చేసుకున్నారన్నది మాత్రం చరిత్ర పుస్తకాల్లో పెద్దగా కనిపించదు. ఈ ప్రత్యేక సంచికలో ఆ ముచ్చట చెప్పుకుందాం.

నార, నారి ఒకే కుదురు నుంచి వచ్చిన మాటలు. చెట్టు నారే వింటినారి అయింది. నార తీయడానికి కత్తి, దంచడానికి కొయ్య సుత్తి, నానబెట్టడానికి వాగు నీళ్లు, పేనడానికి తొడ, బిగలాగి ఆరబెట్టడానికి రెండు గుంజలు. ఇంతే సరంజామా. ఒక్కో పాయకు ఒకవైపు పురిపెట్టి, రెండు పాయలనూ కలిపి ఎదురువైపుకు పేనుతారు. అప్పుడు పురులు ఒకదాన్నొకటి పట్టుకుని విడిపోకుండా ఉంటాయి. పైన తేనెమైనం రుద్దితే తడి త్వరగా పట్టదు.

గోదావరి, శబరి ఒడ్డుల నుంచి బస్తర్ దాకా ఇంకో పద్ధతి ఉంది. అక్కడ వెదురు బద్దే నారి. వెదురులో పీచు దట్టంగా ఉండేది పైపొరలో, దాని బలమంతా అక్కడే. లోపలి మెత్తని భాగాన్ని గీకేసి, పైపొరను సన్నని బద్దగా మిగిల్చి, కొసలను వింటికి కడతారు. పేనే పని లేదు. చురుకైన కత్తి, నిదానమైన చెయ్యి ఉంటే చాలు.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు, గాం సోదరుల వెంట మన వాళ్లు దాడి చేశారు. అక్కడ దొరికిన తుపాకులను చరిత్రకారులు లెక్కపెట్టి రాశారు. విల్లంబుల లెక్క ఎవరికీ తెలియదు. తుపాకీకి తూటా బయటి నుంచి రావాలి. నారి మాత్రం ఇంటి వెనక అడవిలోనే ఉంది.

అందుకే అడవికి తాళం వేయడమంటే నారికి తాళం వేయడమే. 1882 మద్రాసు అటవీ చట్టంతో రిజర్వు అడవిలో పోడుకు, కలపకు, వెదురుకు ఆంక్షలు వచ్చాయి. తాతల నాటి అవసరం నేరమైంది. మన్యం తిరగబడటానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి. 1927 భారత అటవీ చట్టం కూడా వెదురును చెట్టుగానే లెక్కగట్టింది. చివరికి 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించి, దాని మీద మనకు యాజమాన్య హక్కు ఇచ్చింది. 1882 నుంచి లెక్కేస్తే 124 ఏళ్లు.

ఇప్పుడు విలువిద్య పోటీల్లో కృత్రిమ దారాలతో చేసిన నారి వాడుతున్నారు. దాన్ని చుట్టే చట్రానికీ రెండు గుంజలే ఉంటాయి, దారానికి మైనమే రుద్దుతారు. పదార్థం మారినా పని తీరు మన పెద్దలకు తెలిసినదే.

1972 నుంచి చట్టం వన్యమృగాల వేటను నిషేధించింది. విల్లు ఇప్పుడు మనకు పండుగకు, ఆటకు, గుర్తుకు మిగిలింది. ఆ గుర్తు ఉత్త బొమ్మ కాకూడదు. మన మ్యూజియాల్లో వింటి పక్కన నార దంచే సుత్తి, బద్ద గీకే కత్తి కూడా ఉండాలి. పేనడం తెలిసిన పెద్దలు ఇంకా ఉన్న ఊళ్లలో పిల్లలను వారి పక్కన కూర్చోబెడదాం. హక్కు కాగితం మీదికి వచ్చింది. దాన్ని వాడుకునే విద్య మన చేతుల్లో నిలవాలి.

జోహార్!