అయోవా రైటర్స్ వర్క్‌షాప్

అయోవా రైటర్స్ వర్క్‌షాప్ అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని అయోవా సిటీలో, అయోవా విశ్వవిద్యాలయం నిర్వహించే సృజనాత్మక రచనా విద్యా కార్యక్రమం. కథాసాహిత్యం, కవిత్వం ఇందులోని ప్రధాన శాఖలు. రెండేళ్ళ చదువు పూర్తిచేసినవారికి ఎమ్.ఎఫ్.ఏ. పట్టా లభిస్తుంది.

చరిత్ర

సాహిత్యంలో పై పట్టా పొందాలంటే ఇతరుల రచనలపై పరిశోధన చేసి సిద్ధాంత గ్రంథం సమర్పించడం విశ్వవిద్యాలయాలలో ఆనవాయితీ. స్వయంగా రచించిన కవితలకు, కథలకు అటువంటి స్థానం ఉండేది కాదు. 1922లో కార్ల్ సీషోర్ డీన్‌గా ఉన్న కాలంలో, సృజనాత్మక రచనను కూడా సిద్ధాంత గ్రంథంగా స్వీకరిస్తామని అయోవా విశ్వవిద్యాలయం ప్రకటించింది. పాల్ ఎంగెల్ ఈ విధంగా సమర్పించిన కవితలు 1932లో "వోర్న్ ఎర్త్" పేరుతో పుస్తకంగా వెలువడ్డాయి. 1936లో విల్బర్ ష్రామ్ సంచాలకుడుగా వర్క్‌షాప్ ఏర్పడింది. ఆయన తరువాత ఎంగెల్ 1941 నుండి 1965 వరకు ఆ బాధ్యత నిర్వహించి దీనికి దేశవ్యాప్తంగా పేరు తెచ్చాడు.

బోధనా విధానం

ఉపన్యాసాలకంటే చర్చకు ఇక్కడ ప్రాధాన్యం ఎక్కువ. ఒక విద్యార్థి వ్రాతప్రతిని మిగిలినవారు ముందుగా చదివి వచ్చి, అధ్యాపకుని సమక్షంలో దాని గుణదోషాలను చర్చిస్తారు. అధ్యాపకులు సాధారణంగా స్వయంగా రచయితలే. రచనను బోధించడం సాధ్యం కాదని, ఉన్న ప్రతిభకు మెరుగు పెట్టడం మాత్రమే సాధ్యమని ఈ సంస్థ అభిప్రాయం.

ప్రముఖ విద్యార్థులు

* మార్గరెట్ వాకర్ - ఆఫ్రికన్ అమెరికన్ కవయిత్రి. ఈమె 1940లో పట్టా పొందింది. సిద్ధాంత గ్రంథంగా మొదలైన "ఫర్ మై పీపుల్" కవితా సంపుటి 1942లో యేల్ వర్ధమాన కవుల గ్రంథమాలలో వెలువడింది.
* ఫ్లానరీ ఓ'కానర్ - పత్రికా రచన చదవడానికి వచ్చి ఈ శాఖలో చేరింది. ఈమె జార్జియా యాస అర్థంకాక, చెప్పదలచినది కాగితంపై వ్రాయమన్నానని ఎంగెల్ చెప్పాడు. 1947లో కథల సంపుటి సమర్పించి పట్టా పొందింది.
* భారతీ ముఖర్జీ - కోల్‌కతాలో జన్మించిన ఆంగ్ల రచయిత్రి. 1963లో ఎమ్.ఎఫ్.ఏ., 1969లో అదే విశ్వవిద్యాలయం నుండి పి.హెచ్.డి. పొందింది. సృజన, పరిశోధన రెండింటిలోను ఇక్కడ పట్టాలు అందుకున్నవారిలో ఈమె ఒకరు.

విమర్శలు

అందరి ఆమోదం కోసం రచనను సవరించుకుంటూ పోతే రచయితలంతా ఒకే మూసలో పడతారని కొందరు విమర్శకుల వాదన. తొలి పాఠకుల నిష్కర్షమైన అభిప్రాయం యువ రచయితకు అవసరమని సమర్థకులు అంటారు. ఏది ఏమైనా, అయోవా నమూనాను అనుసరించి అమెరికాలో అనేక విశ్వవిద్యాలయాలు ఇటువంటి శాఖలను ప్రారంభించాయి. 2008లో అయోవా సిటీని యునెస్కో "సాహిత్య నగరం"గా గుర్తించింది.