నైసు

'నైసు' మన మాట కాదనీ, ఇంగ్లీషు చదువుల వెంట వచ్చిన అంటు అనీ, రచయితలు దాన్ని ఏరిపారెయ్యాలనీ వాదించేవాళ్ళు సాహిత్య సభల్లో ఇంకా తగులుతుంటారు. తీర్పుకు ముందు ఆ మాట పుట్టుక చూడాలి.

లాటిన్‌లో 'నెస్కియుస్' అంటే ఏమీ తెలియనివాడు. ప్రాచీన ఫ్రెంచి మీదుగా 1300 ప్రాంతాన ఇంగ్లీషులో దిగేనాటికి అది తెలివితక్కువవాణ్ణి అనే మాట. తర్వాత పట్టింపులెక్కువైన, 16వ శతాబ్దిలో సూక్ష్మమైన, 18వ శతాబ్దిలో మనసుకు నచ్చిన అనే అర్థాలు వచ్చాయి. చివరికి దేనికైనా తగిలించే పొగడ్తగా అరిగిపోయింది. 1817 చివర వెలువడిన 'నార్తాంగర్ ఆబీ' నవలలో జేన్ ఆస్టిన్ ఈ అరుగుదలనే ఒక పాత్రచేత ఎగతాళి చేయించింది. తీరికగల వర్గాల అభిరుచి ఆ మాటను అలా నలిపింది.

మన 'ముగ్ధ' సంగతి మాత్రం వేరా? మూఢుడు, ముగ్ధ ఇద్దరూ 'ముహ్' ధాతువు బిడ్డలే. ఒకరు తిట్టుగా మిగిలారు, ఒకరు ప్రబంధ నాయిక అయ్యారు. తెలియనితనంలో అందం చూసిన కన్ను ఎవరిదో విద్యార్థులు ఆలోచించాలి.

ఇక మా మెట్టప్రాంతానికి వస్తాను. ఉదయగిరి, ఆత్మకూరు పల్లెల్లో పిండిమర దగ్గర 'నైసుగా పట్టు' అంటే బరక లేకుండా అని. ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు చేసేవారి పనిలో గరుకు పోయేదాకా రుద్దితేనే నైసు. ఇది పనిచేసే చేతివేళ్ళు ఇచ్చిన అర్థం. అక్కడినుంచి మాట మనుషుల మీదికి పాకింది. 'వాణ్ణి నైసు చేసినాడు' అంటే బుజ్జగించి లొంగదీసుకున్నాడని. 'నున్నటి మాటలు' నడిచిన దారీ ఇదే. ఆ నునుపు వెనక ఏముందో జనానికి తెలుసు. ఇంగ్లీషు మాటకు ఈ కాటు లేదు.

నా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు కరువు ఏటి కథ రాశాడు. అందులో అప్పిచ్చిన ఆసామి రైతుచేత 'నైసుగా నోటు రాయించుకున్నాడు'. ఒక పత్రికవారు దాన్ని 'మృదువుగా' అని దిద్ది వేశారు. వాక్యం శుభ్రపడింది, దాంతోపాటే వడ్డీవ్యాపారీ శుభ్రపడ్డాడు. గ్రాంథికంపై గిడుగువారు గెలిచాక కూడా ఈ కత్తెర మన సంపాదకుల చేతుల్లో ఉండటం విడ్డూరం.

కచేరీల్లో, బజార్లలో కలిసిపోయిన పరభాషా పదాలకోసం సి.పి. బ్రౌన్ 1854లోనే మిశ్రభాషా నిఘంటువు వేరుగా వేశాడు. నేటి నిఘంటువుల్లో 'నైసు'కు నునుపు, మెత్తదనంతోపాటు లొంగదీసే తీపి అన్న అర్థం కూడా చేరాలి. ఉదాహరణకు ఆ కుర్రాడు మొదట రాసిన వాక్యం చాలు.