గొలుసు మీద మోపిన కాలు

సర్వే డిపార్ట్‌మెంటులో చేసి రిటైరైనవాణ్ణి నేను. గోదావరి జిల్లాల్లో మా చైన్‌మన్లు లాగిన గొలుసూ, కెనడా మైదానాల్ని కొలిచిన గొలుసూ ఒకటే. గుంటర్ గొలుసు: 66 అడుగులు, 100 లింకులు. 80 గొలుసులైతే మైలు, 10 చదరపు గొలుసులైతే ఎకరం. ఇప్పుడు మా అమ్మాయి దగ్గర విన్నిపెగ్‌లో ఉంటూ ఇక్కడి పాత పటాలు చూస్తుంటే, పరాయి దేశం లెక్కలు చూస్తున్నట్టు ఉండదు నాకు.

ఈ ఊళ్లో రెడ్ నది పక్కన 1869 నాటికి ఉన్న కమతాలు చూడాలి. నది ఒడ్డున సన్నటి ముఖం, వెనక్కి రెండు మైళ్ల పొడవు. అలా పక్కపక్కనే ఇరుకు పట్టీలు. క్రీ, ఓజిబ్వే ఆదివాసీ తల్లులకీ, బొచ్చు తోళ్ల వ్యాపారానికి వచ్చిన ఫ్రెంచి, స్కాట్ తండ్రులకీ పుట్టిన సంతతి మేటీలు. అప్పట్లో ఇక్కడి జనంలో ఎక్కువమంది వాళ్లే. ఆ కొలతలో ప్రతి ఇంటికీ నీళ్లున్నాయి, ఒడ్డున చెట్ల నుంచి వంటచెరకుంది, నల్లమట్టి సేద్యం ఉంది. పట్టీ వెనక ఇంకో రెండు మైళ్లు గడ్డి కోసుకునే హక్కు. ఇళ్లన్నీ నది వెంట వరసగా, పిలిస్తే పలికేంత దూరంలో. ఏ సర్వేయరూ ఇంతకంటే బాగా పంచలేడు.

కాగితం మీద ఆ నేల మరొకరిది. హడ్సన్ అఖాతంలోకి నీరు పారే భూమంతటి మీదా 1670లో ఇంగ్లండు రాజు రెండో చార్లెస్ ఒక వర్తక కంపెనీకి హక్కు రాసిచ్చాడు. ఆ హడ్సన్స్ బే కంపెనీ దాన్ని 3 లక్షల పౌన్లకి కెనడాకి ఒప్పగించడానికి సిద్ధపడింది. రెడ్ నది ఒడ్డున ఉన్న దాదాపు 12 వేల మందిని ఎవరూ ఒక్క మాట అడగలేదు. చేతులు మారడం పూర్తికాకముందే, 1869 వేసవిలో, కెనడా తరఫున కల్నల్ డెన్నిస్ సర్వే బృందాలతో దిగాడు. విన్నిపెగ్‌కి పడమరగా మొదటి ప్రధాన రేఖ పాతి, అక్కణ్ణుంచి చదరాలు గీయడం మొదలుపెట్టారు.

అక్టోబర్ 11న ఒక బృందం ఆండ్రే నో అనే రైతు గడ్డినేలలోకి గొలుసు లాక్కుంటూ వచ్చింది. ఆ రైతు కబురంపితే లూయీ రియెల్ అనే మేటీ యువకుడు తనవాళ్లు కొందరితో వచ్చాడు. రియెల్‌కి అప్పటికి పాతికేళ్లు నిండలేదు. మాంట్రియల్‌లో చదువుకున్నాడు, ఇంగ్లీషు వచ్చు. వాళ్ల చేతుల్లో ఆయుధాలు లేవు. గొలుసు మీద కాలు మోపి, ఇక ముందుకు కదలొద్దన్నారు. బృందం సామాను సర్దుకుని వెళ్లిపోయింది. ఆ పంతానికి ఫలితంగా వచ్చిందే 1870 మానిటోబా చట్టం. నది పట్టీలు నిలిచాయి. మేటీ పిల్లలకి 14 లక్షల ఎకరాలు ఇస్తామన్న మాట చట్టంలోకి ఎక్కింది. విన్నిపెగ్ నడిబొడ్డున వీధులు ఏటవాలుగా వచ్చి ఒకదాన్నొకటి ఢీకొనడానికి ఆ పట్టీలే కారణం.

మా ఉద్యోగంలో గట్టు ముందు, గీత తర్వాత. రైతు వేసుకున్న గట్టు ఎంత వంకరగా ఉన్నా, ఆ వంకరకి ఆఫ్‌సెట్లు, అంటే అడ్డకొలతలు తీసి, పొలం కొలతల పుస్తకంలో (ఎఫ్‌ఎంబీ) ఎక్కించేవాళ్లం. పడమటి మైదానాల్లో గీత ముందు వచ్చింది. 49వ అక్షాంశం నుంచి ఉత్తరానికి, ఆరు మైళ్ల చదరం ఒక టౌన్‌షిప్. అందులో 36 సెక్షన్లు, ఒక్కోటి 640 ఎకరాలు. 1872 చట్టం ప్రకారం 10 డాలర్ల రుసుం కట్టి, మూడేళ్లు కాపురముండి సేద్యం చేస్తే పావు సెక్షన్, అంటే 160 ఎకరాలు సొంతం. 11, 29 నంబర్లు బడుల కోసం. బేసి సంఖ్యల్లో చాలావాటిని రైలు కంపెనీలకి కేటాయించారు.

పనితనం మాత్రం గొప్పది, కాదనను. భూమి గుండ్రం కాబట్టి ఉత్తరానికి పోయేకొద్దీ నిలువు రేఖలు దగ్గరపడతాయి. అందుకని 24 మైళ్లకోసారి దిద్దుబాటు రేఖ వేశారు. తిన్నగా ఉత్తరానికి పోయే కంకర రోడ్డు అక్కడికి రాగానే పక్కకి తిరిగి, కాస్త దూరం పోయి, మళ్లీ ఉత్తరం పడుతుంది. కారులో వెళ్తూ ఆ మలుపు తగిలినప్పుడల్లా ఆ లెక్క కట్టినవాళ్లకి దణ్ణం పెడతాను.

సెక్షన్ల మధ్య దారి కోసం కొంత నేల వదిలారు. మొదట్లో గొలుసున్నర వెడల్పు, తర్వాతి సర్వేల్లో ఒక్క గొలుసు. మేటీలు చివరికి చేరింది అక్కడికే. పిల్లలకిస్తామన్న భూమి పంపకం పదేళ్లకి పైగా సాగింది. లాటరీ తీసి ఎక్కడెక్కడో ఇచ్చారు. భూమికి బదులిచ్చిన స్క్రిప్ కాగితాల్ని వ్యాపారులు చవగ్గా కొనేశారు. 1885లో దక్షిణ సస్కాచెవాన్ నది ఒడ్డున బటోష్ దగ్గర మేటీల తిరుగుబాటుకి ఓటమి, నవంబర్‌లో రెజైనాలో రియెల్‌కి ఉరి. ఆ తర్వాత ఎన్నో కుటుంబాలు రోడ్డుకి వదిలిన ఆ సందుల్లో గుడిసెలు వేసుకున్నాయి. మన రికార్డుల్లో దీన్ని రోడ్డు పోరంబోకు అంటాం. భూమి పన్ను కట్టరు కాబట్టి చాలాచోట్ల వాళ్ల పిల్లల్ని బడిలోకి రానివ్వలేదు. 1930ల చివర్లో మానిటోబాలోని సెయింట్ మడలీన్ అనే మేటీ ఊరిని పశువుల మేత బీడు కోసం ఖాళీ చేయించి, ఇళ్లు తగలబెట్టారు, కుక్కల్ని కాల్చేశారు.

2013 మార్చిలో కెనడా సుప్రీంకోర్టు, 1870లో పిల్లలకిచ్చిన భూమి మాటని ప్రభుత్వం నిజాయితీగా, శ్రద్ధగా అమలు చేయలేదని తీర్పు చెప్పింది. ఏ ఎకరాన్నీ ఆ తీర్పు తిరిగి ఇప్పించలేదు. మేటీలు ప్రభుత్వంతో బేరానికి కూర్చోవడానికి ఆధారం మాత్రం దొరికింది.